కంబాలకొండలో మెడ వెనుక తెల్లగా ఉన్న వడ్రంగిపిట్ట ఏది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవి కాలిబాటలో పొద్దున్నే ఒక ఎండు మాను మీద బంగారు రంగు వీపున్న వడ్రంగిపిట్ట కనిపించింది. మెడ వెనుక తెల్లగా ఉంది, నెత్తి పసుపుపచ్చగా ఉంది. మూడు ఫోటోలు పెట్టారు. ఒకటి వెనుక నుంచి, ఒకటి పక్క నుంచి ముఖం పడేలా, మూడోది ఎగిరిపోతుంటే వచ్చిన మసక ఫోటో. యాప్ దాన్ని గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ అంది. మీతో వచ్చిన స్నేహితుడు "మన కొబ్బరిచెట్ల మీద తిరిగే మామూలు వడ్రంగిపిట్టే, ఆ తెలుపు ఆకుల సందుల్లోంచి పడిన ఎండ" అన్నారు. ఎవరిది ఒప్పు అన్నది మీ ప్రశ్న.

ఇద్దరిదీ కాదండీ. మీరు చూసింది వైట్‌-నేప్డ్ వుడ్‌పెకర్. శాస్త్రీయనామం క్రైసోకొలాప్టిస్ ఫెస్టివస్. అందులోనూ ఆడది. మొదటి రెండు ఫోటోలతోనే తేలిపోయింది. మూడోది మసగ్గా ఉందని దాన్ని పక్కన పెట్టేయకండి, అసలు పనికొచ్చే సాక్ష్యం ఒకటి అందులోనే ఉంది. దాని సంగతి కింద చెబుతాను.

బంగారు వీపు వడ్రంగిపిట్టలు మన వైపు మూడు రకాలున్నాయి. చాలామంది గుర్తుపట్టేటప్పుడు ముందు నెత్తి వైపు చూస్తారు, ఎర్రటి కుచ్చు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి. ఈ మూడింటిలోనూ మగవాటికి నెత్తి ఎర్రగానే ఉంటుంది. అంటే నెత్తి చూస్తే ఆడో మగో తెలుస్తుంది గానీ, చాలాసార్లు జాతి తెలియదు. జాతి తేల్చేవి మూడు చోట్లు: మెడ వెనుక నుంచి వీపు పైభాగం దాకా, ముఖం మీద మీసం గీత, తోక మొదట్లో పైన ఉండే రంగు. ఈ మూడూ పిట్ట వెనుక భాగంలోనో పక్కనో ఉంటాయి. వడ్రంగిపిట్ట మనిషిని చూడగానే మాను అవతలి వైపుకు జరిగి తల మాత్రం పక్కకు పెట్టి చూస్తుంది కదా, అందుకని మనకు ఎక్కువగా దొరికేది తలే. ఇబ్బందంతా అక్కడే వస్తుంది.

ముందు మీ స్నేహితుడి మాట చూద్దాం, అది కొట్టిపారేసే మాట కాదు. విశాఖలో ఎవరైనా బంగారు వీపు వడ్రంగిపిట్ట అన్నారంటే నూటికి తొంభై తొమ్మిదిసార్లు అది బ్లాక్‌-రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్ అయి ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణ, సింహాచలం తోటలు, భీమిలి రోడ్డు పొడుగునా ఉన్న తాటిచెట్లు, కాలనీల్లో మిగిలిన కొబ్బరిచెట్లు, అన్నిచోట్లా అదే. అడవితో దానికి పెద్దగా పని లేదు. ఒక ముసలి చెట్టూ దాని మీద చీమలూ ఉంటే చాలు. కాబట్టి మొదటి అంచనా అదే కావడం న్యాయమే. ఎండ చుక్కలు పిట్టల మీద తెల్ల మచ్చల్లా కనిపించడం కూడా నిజమే. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో అయితే మరీ ఎక్కువ.

కానీ ఎండ మచ్చకీ ఈక రంగుకీ తేడా మీ ఫోటోల్లోనే కనిపిస్తోంది. మొదటి ఫోటోని స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి చూడండి. తెలుపు తల వెనుక అంచు దగ్గర మొదలై మెడ మధ్యలోంచి దిగి, వీపు పైభాగంలో రెండు భుజాల మధ్య ముగుస్తోంది. దాని రెండు పక్కలా నల్లటి పట్టీ ఉంది. ఆ నలుపు ఎడమ కుడి ఒకే కొలతలో మెడ పక్కల నుంచి దిగి, భుజాల మీద వెడల్పయింది. ఎండ పడితే వెలుగు అంచు పిట్ట ఒంటిని పట్టించుకోదు. సగం మెడ మీద, సగం రెక్క మీద, కొంత చెట్టు బెరడు మీద ఒకే వరసలో పడుతుంది. ఇక్కడ బెరడు మీద వెలుగు ఎక్కడా లేదు, మాను మొత్తం నీడలో ఉంది. ఇంకో రుజువు రెండో ఫోటో. అందులో పిట్ట ఓ జానెడు పైకి జరిగింది, తల తిప్పింది. అయినా తెలుపు అదే చోట, అదే నలుపు హద్దుతో ఉంది. ఎండ మచ్చ పిట్టతో పాటు జరగదు. అందుకే ఎప్పుడూ ఒకే మంచి ఫోటో కోసం చూడకుండా వరసగా నాలుగైదు నొక్కమంటాను. బాగా వచ్చిన ఒక్క ఫోటో కన్నా పిట్ట కదిలిన మూడు ఓ మాదిరి ఫోటోలు ఇలాంటప్పుడు ఎక్కువ పనికొస్తాయి.

మామూలు బ్లాక్‌-రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్‌కి మెడ వెనుక నల్లగా ఉంటుంది. ఆ నలుపు కిందనే బంగారు రంగు మొదలవుతుంది, మధ్యలో తెలుపన్నది ఉండదు. రెక్క భుజం దగ్గర నలుపులో చిన్న చిన్న లేత చుక్కలుంటాయి. మీ పిట్ట భుజం శుభ్రంగా నల్లగా ఉంది, చుక్కల్లేవు.

ఇక యాప్ సంగతి. ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లను నేను తిట్టను, రోజూ వాడతాను. గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ అని ఎందుకంది అంటే, ఆ పిట్టకీ మెడ వెనుక తెల్లగా ఉంటుంది! ఇది చాలామందికి తెలియని విషయం. పేరులో 'వైట్‌-నేప్డ్' అని ఉంది కదా, మెడ వెనుక తెలుపు కనిపించగానే అదే అనుకోవడం కూడా పొరపాటే. మెడ తెలుపు ఒక్కటీ ఈ రెండింటినీ విడదీయదు. విడదీసేది ఆ తెలుపు ఎక్కడి దాకా దిగింది అన్నది. గ్రేటర్‌లో మెడ దగ్గరే ఆగిపోతుంది, వీపు మొదటి నుంచీ బంగారు రంగే. వైట్‌-నేప్డ్‌లో తెలుపు మెడ దాటి వీపు పైభాగంలోకి మొనదేలిన త్రికోణంలా దిగుతుంది. మీ మొదటి ఫోటోలో రెండు భుజాల నలుపు మధ్యలో ఆ మొన స్పష్టంగా ఉంది. బంగారు రంగు చాలావరకు రెక్కల మీదకే పరిమితమైంది.

రెండో తేడా నెత్తి. పైన నెత్తి జాతి చెప్పదన్నాను, దానికి ఇదొక్కటే మినహాయింపు. గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ ఆడదానికి నెత్తి నల్లగా ఉండి నిండా తెల్ల చుక్కలుంటాయి, ఎరుపు ఉండదు. బ్లాక్‌-రంప్డ్ ఆడదానికి నుదుటి వైపు నలుపులో తెల్ల చుక్కలు, వెనక భాగంలో మాత్రం ఎర్ర కుచ్చు. వైట్‌-నేప్డ్ ఆడదానికి నెత్తి పసుపు. బంగారు వీపు పిట్టల్లో పసుపు నెత్తి కనిపిస్తే ఇంక వెతుక్కోనక్కర్లేదు. మీకు ఆడది కనిపించడం ఒకరకంగా అదృష్టం. మగది అయితే ఎర్ర నెత్తి చూసి మీ స్నేహితుడి మాటే నెగ్గేదేమో.

మూడో తేడా మీరు పనికిరాదనుకున్న మూడో ఫోటోలో ఉంది. పిట్ట చెట్టు మీద వాలి ఉన్నప్పుడు రెక్కల చివరలు తోక మొదలుని కప్పేస్తాయి. ఎగిరినప్పుడే అది బయటపడుతుంది. గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్‌కి అక్కడ ఎర్రగా ఉంటుంది, మసక ఫోటోలో కూడా ఎర్ర మరకలా కనపడుతుంది. మీ ఫోటోలో రెక్కలు అడ్డంగా చెరిగిపోయినా తోక మొదలు నుంచి చివరి దాకా ఒకటే నలుపు. యాప్ ఇచ్చిన పేరు ఇక్కడితో పోయింది. కాకపోతే బ్లాక్‌-రంప్డ్‌కీ వైట్‌-నేప్డ్‌కీ కూడా అక్కడ నలుపే కాబట్టి, ఈ ఒక్క ఫోటోతో ఆ రెండింటినీ విడదీయలేం. దానికి మొదటి రెండూ ఉన్నాయి.

ముఖం కూడా చూద్దాం, ఎందుకంటే చాలాసార్లు మనకి దొరికేది అదొక్కటే. రెండో ఫోటోలో ముక్కు మొదలు నుంచి చెంప కిందుగా నల్ల గీత వెళ్తోంది కదా. కాస్త దూరం వెళ్లాక అది రెండుగా చీలి, మధ్యలో తెల్లటి జాగా వదిలి, మళ్లీ వెనక కలుస్తున్నట్టుంది. ఈ చీలిన మీసం గ్రేటర్‌కీ వైట్‌-నేప్డ్‌కీ ఇద్దరికీ ఉంటుంది, రెండూ ఒకే ప్రజాతి. బ్లాక్‌-రంప్డ్‌కి ఈ మీసం ఉండదు. దానికి బదులు గొంతు మొత్తం నల్లగా ఉండి, దగ్గరగా చూస్తే అందులో సన్నటి తెల్ల పొడలు కనిపిస్తాయి. అంటే గొంతు ఒక్కటి కనిపించినా మామూలు పిట్టా కాదా అన్నది చెప్పేయొచ్చు. పిట్ట మాను చాటు నుంచి తల పెట్టి చూస్తున్నప్పుడు నెత్తి మీద కుచ్చు మీద దృష్టి పెట్టకుండా గడ్డం కిందకు చూడమనేది అందుకే. ముక్కు కూడా గమనించండి. వైట్‌-నేప్డ్‌ది పొడుగ్గా, దిట్టంగా, ఉలి లాగా ఉంటుంది, దాదాపు తలంత పొడవు. పక్కపక్కన పెట్టి చూస్తే బ్లాక్‌-రంప్డ్ ముక్కు పొట్టిగా అనిపిస్తుంది. విడిగా చూసినప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

నమ్ముకోకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. మీరు "మామూలు దానికన్నా పెద్దదిగా అనిపించింది" అని రాశారు. పుస్తకాల ప్రకారం బ్లాక్‌-రంప్డ్ 26 నుంచి 29 సెంటీమీటర్లు, వైట్‌-నేప్డ్ 29, గ్రేటర్ 33. పక్కన గోరింకో ఇంకో తెలిసిన పిట్టో ఉంటే తప్ప ముప్పై మీటర్ల దూరంలో ఈ తేడా ఎవరికీ తెలియదు. కొత్త పిట్ట అన్న ఉత్సాహంలో ప్రతిదీ కాస్త పెద్దగానే కనిపిస్తుంది. బంగారు రంగు ఛాయ కూడా అంతే. పొద్దుటి ఎండలో నారింజగా, మబ్బులో ఆలివ్ పచ్చగా, ఫోన్ కెమెరాలో ఇంకోలా వస్తుంది. పసుపు నెత్తి విషయంలో కూడా నాకు మొదట అదే అనుమానం వచ్చింది, ఎండకి ఎరుపు పాలిపోయి పసుపులా పడిందేమోనని. కానీ మీ రెండు ఫోటోల్లోనూ రెక్కల మీది బంగారు రంగు మామూలుగానే పడింది, నెత్తి ఒక్కటే పాలిపోవడానికి కారణం లేదు.

"ఊహించని పిట్ట" అన్నారు. ఎంత ఊహించనిది అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. వైట్‌-నేప్డ్ వుడ్‌పెకర్ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉండే పిట్ట. ద్వీపకల్పంలో విస్తారంగానే ఉంది, కానీ అంతటా ఒకేలా ఉండదు. అక్కడ కొంచెం, ఇక్కడ కొంచెం. దట్టమైన తడి అడవి దానికి పెద్దగా నచ్చదు. ఆకు రాల్చే పల్చటి అడవి, తుప్పల మధ్య దూరం దూరంగా పెద్ద చెట్లున్న చోటు, కొండ వాలుల్లో మోడులు ఉన్న చోటు దాని ఇల్లు. ఈ వర్ణన చదివి కంబాలకొండ గుర్తు తెచ్చుకోండి. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 70 చదరపు కిలోమీటర్ల అడవి మొత్తం అలాంటిదే. పొడి అడవి, తుప్ప, మధ్యమధ్యలో గడ్డి బయళ్లు. జాతీయ రహదారికీ జూకీ ఆనుకుని ఉంది కాబట్టి మనకి అది పార్కులా అనిపిస్తుంది గానీ, వెనక్కి సింహాచలం కొండల దాకా పరుచుకున్న అడవి అది. అందువల్ల ఈ పిట్ట అక్కడ కనిపించడం అరుదేగానీ అసాధ్యం కాదు. తన దేశంలోనే ఉంది, తనకు నచ్చిన చోటే ఉంది. ఇలాంటప్పుడు గుర్తులు రెండు మూడు సరిగ్గా సరిపోతే ఒప్పుకోవచ్చు. అదే మీరు హిమాలయాల్లో మాత్రమే ఉండే వడ్రంగిపిట్ట పేరు చెప్పి ఉంటే ఇవే ఫోటోలు నాకు సరిపోయేవి కావు.

చచ్చి నిలబడ్డ చెట్ల గురించి ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి చెట్లను ఏం చేసిందో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. ఊళ్లో పడిపోయినవి, విరిగినవి అన్నీ రంపాలతో కోసి తీసేశారు. రోడ్ల మీద వేరే దారి లేదు. అడవిలో మాత్రం విరిగిన మోడుల్ని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోకూడదు కూడా. వడ్రంగిపిట్టకి పురుగూ, గూటికి తొర్రా రెండూ దొరికేది అలాంటి మానులోనే. అది వదిలేసిన తొర్రలో తర్వాత గోరింకో రామచిలుకో చేరుతుంది. ఆవరణల్లో ఎండిన చెట్టు కనిపించగానే "ప్రమాదం" అని కొట్టించేసే పెద్దమనుషులు, అది నడిచే దారి మీద లేకపోతే కాస్త ఆగితే బాగుంటుంది.

మళ్లీ వెతకాలనుకుంటే పొద్దున మొదటి రెండు గంటలే మంచివి. చెట్ల పైకొమ్మలు మాత్రమే వెతికితే దొరకదు. ఇది మాను కింది భాగంలో, ఒక్కోసారి నేల మీద కూడా, చీమల కోసం తిరుగుతుంది. కూతలో తేడా ఉంది. బ్లాక్‌-రంప్డ్ ఎగురుతూ వేసే ఆ గట్టి గలగల నవ్వు లాంటి కూత మనందరికీ తెలుసు, ఊళ్లో ఇంట్లో కూర్చున్నా వినపడుతుంది. వైట్‌-నేప్డ్ గలగల కూడా అదే తీరులో సాగుతుంది కానీ పల్చగా, రేకు చప్పుడులా ఉంటుంది. ఊళ్లో చెట్టు మీంచి టుక్ టుక్ టుక్ అని గడియారంలా ఆగకుండా వినిపించేది మాత్రం వడ్రంగిపిట్ట కాదు, కంసాలిపిట్ట. దాని గొంతే అది. కొత్తగా పిట్టలు చూడ్డం మొదలుపెట్టిన వాళ్లు ఆ శబ్దం వెంట వడ్రంగిపిట్టని వెతుకుతూ చెట్టు చుట్టూ తిరుగుతుంటారు.

కూత రికార్డింగ్ ఫోన్‌లో పెట్టి పిట్టని రప్పించే అలవాటు మాత్రం పెట్టుకోకండి. ఎవరో తన హద్దులోకి వచ్చారని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. ఈ పిట్టలు ఇక్కడ అసలే కొద్ది. గూడు తొర్ర కనిపిస్తే దాని ఫోటో, సరైన చోటు ఎక్కడా పెట్టకండి.

పసుపు నెత్తి అనగానే కొందరికి యెల్లో-క్రౌన్డ్ వుడ్‌పెకర్ గుర్తొస్తుంది, కింద ఎవరో దాని పేరు కూడా అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. అది చిన్న పిట్ట, 17, 18 సెంటీమీటర్లు, పిచ్చుక కన్నా కాస్త పెద్దది. వీపు నలుపు తెలుపు పొడలతో ఉంటుంది, బంగారు రంగు ఉండదు. పొట్ట కింద చిన్న ఎర్ర మచ్చ. మీ పిట్టతో పోలికే లేదు. అంతకన్నా చిన్నది బ్రౌన్‌-క్యాప్డ్ పిగ్మీ, 13 సెంటీమీటర్లు, సన్న కొమ్మల చివరల్లో తిరుగుతుంది, చూసి కూడా వడ్రంగిపిట్ట అనుకోరు.

రూఫస్ వుడ్‌పెకర్ గురించి మాత్రం కాస్త చెప్పాలి. ఇటుక రంగు ఒళ్లు, సన్నటి నల్ల అడ్డగీతలు. కొత్తవాళ్లకి ఇదే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది, వడ్రంగిపిట్ట బంగారు రంగులోనే ఉంటుందని అనుకుంటారు కాబట్టి. చెట్ల మీద నల్ల చీమలు కట్టే పెద్ద గుండ్రటి పుట్టలు చూశారు కదా, ఇది తొర్ర తొలిచేది అందులోనే. చీమలున్న పుట్టలోనే గుడ్లు పెడుతుంది. అదే చీమల్ని తింటుంది కూడా. ఆ కుట్టే చీమలు దాని పిల్లల్ని ఎందుకు వదిలేస్తాయో చూసినప్పుడల్లా విడ్డూరంగానే ఉంటుంది. మానుని కొట్టే చప్పుడు కూడా విలక్షణం. వేగంగా మొదలై క్రమంగా నెమ్మదించి ఆగిపోతుంది, మోటార్‌సైకిల్ ఇంజన్ ఆగిపోతున్నట్టు. ఒకసారి విన్నారంటే పిట్ట కనపడకపోయినా పేరు చెప్పేస్తారు.

ఘాట్ ఎక్కి తైడా, అనంతగిరి, అరకు వైపు వెళ్తే కథ మారిపోతుంది. కాఫీ తోటల నీడ చెట్లు, తేమ ఉన్న లోయలు. అక్కడ బంగారు వీపు పిట్ట కనిపిస్తే గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్ అయ్యే అవకాశం బాగా పెరుగుతుంది. అక్కడ మీ యాప్ మాట వినొచ్చు, తోక మొదట్లో ఎరుపు చూసుకున్నాక. ఆకుపచ్చ ఒంటి లెసర్ యెల్లోనేప్, పది సెంటీమీటర్లు కూడా మించని స్పెకిల్డ్ పిక్యులెట్, ఇవన్నీ ఆ కొండల పిట్టలు. చలికాలంలో కొండ కింద తుప్పల్లో నేల మీద బెరడు రంగు పిట్ట ఏదైనా చీమలు ఏరుకుంటూ మెడ పాములా తిప్పితే అది రైనెక్. ముక్కుతో మాను తొలవదు గానీ అదీ వడ్రంగిపిట్టల కుటుంబమే, ఉత్తరాది నుంచి వలస వస్తుంది. తొట్లకొండ, బావికొండ లాంటి చోట్ల తుప్పల అంచులు ఆ కాలంలో వెతకదగ్గవి.

తూర్పు కనుమల్లో ఊహించని పిట్టలకు పాత చరిత్రే ఉంది. విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు ఈ కొండల్లో తిరిగి రాసిపెట్టిన వాటిలో, ఈశాన్య భారతానికి చెందిందనుకునే అబాట్స్ బాబ్లర్ కూడా ఉంది. ఇక్కడి ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టారు, కృష్ణరాజుయి అని. కాబట్టి "ఇక్కడ ఉండదు" అని ఎవరన్నా అంటే అక్కడితో వదిలేయకండి, ఫోటోలు తీసి రాసి పెట్టండి.

రాసి పెట్టడం అంటే ఈబర్డ్‌లో (చూసిన పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైట్) జాబితా వేయడమే. అరుదైన పిట్ట అని అది వివరణ అడగొచ్చు, స్థానికంగా జాబితాలు పరిశీలించే వాలంటీరు నుంచి మెయిల్ కూడా రావచ్చు. టెన్షన్ పడకండి, మిమ్మల్ని నమ్మక అడగడం కాదు, ఎవరికైనా అలాగే అడుగుతారు. వివరణలో "యాప్ ప్రకారం" అని గానీ "స్నేహితులు చెప్పారు" అని గానీ రాయొద్దు. మీ కళ్లతో చూసింది రాయండి: మెడ వెనుక నుంచి వీపులోకి దిగిన తెల్ల త్రికోణం, దానికి రెండు వైపులా నల్ల పట్టీ, చుక్కల్లేని నల్ల భుజాలు, పసుపు నెత్తి, చీలిన మీసం, ఎగిరినప్పుడు తోక మొదట్లో నలుపు. వీటిలో ఏది కంటితో చూశారో, ఏది ఫోటోలో తర్వాత గమనించారో విడిగా చెప్పండి. మూడు ఫోటోలూ పెట్టండి, మసకది కూడా. రంగులు సరిచేయని అసలు ఫైళ్లు పెడితే ఇంకా మంచిది. పాత గైడ్లతో సరిచూసుకునేటప్పుడు పేర్లు మారి ఉంటాయి. వైట్‌-నేప్డ్‌ని బ్లాక్‌బ్యాక్డ్ అని, మామూలు దాన్ని లెసర్ గోల్డెన్‌బ్యాక్డ్ అని, గ్రేటర్‌ని లార్జర్ గోల్డెన్‌బ్యాక్డ్ అని రాసేవారు.

మళ్లీ ఆదివారం అటు వెళ్తానన్నారు. ఇవి తరచూ జంటగా తిరుగుతాయి, ఆడది కనిపించిన చోట మగది కూడా ఉండే అవకాశం ఎక్కువ. దాని నెత్తి ఎర్రగా ఉంటుంది కాబట్టి మామూలు పిట్టే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. ఆ మాను చుట్టుపక్కల ఏ ఎర్ర నెత్తి పిట్ట కనిపించినా గొంతు నల్లగా ఉందా, మీసం చీలిందా చూడండి. అది మాను అవతలికి జరిగితే వెంటపడకండి. ఉన్నచోటే కదలకుండా నిలబడితే కాసేపటికి మాను చుట్టూ తిరిగి పైకి పాకుతుంది, వీపు మీ వైపు వస్తుంది. అప్పుడు నొక్కండి.